పగిలిన ట్రంకుపెట్టె.. పడని భవనం

మీరు చేరినప్పుడు ఆ బ్రాంచికి మంచి గిరాకీ ఉంది. మూడో ఏడాదికి వచ్చేసరికి కంపెనీలు క్యాంపస్‌కు రావడం తగ్గించేశాయి. సీనియర్లకు మెసేజ్ పెడితే బ్లూ టిక్ పడుతుంది గానీ జవాబు రాదు. ఇంట్లో ఏం చెప్పాలో తెలీదు. మీలో చాలామందికి ఇది కొత్త కథేం కాదు కదా? నూట ఇరవై ఏళ్ల కిందట టోక్యోలో ఒక కుర్రాడు సరిగ్గా ఇక్కడే ఇరుక్కున్నాడు. ఆ తర్వాత ఆయన చేసిన పని వల్ల ఇప్పటికీ ఎన్నో భవనాలు భూకంపాలను తట్టుకుని నిలబడుతున్నాయి.

ఆయన పేరు తాచూ నైతో. తాచు అనగానే మనకు పామే గుర్తొస్తుంది, నాకూ మొదట అదే గుర్తొచ్చింది. జపాన్‌లో మాత్రం ఆ పేరు చెబితే టోక్యో టవర్ గుర్తొస్తుంది. 333 మీటర్ల ఆ ఎర్ర టవర్‌కు స్ట్రక్చరల్ డిజైన్ ఆయనదే. కానీ నేనిక్కడ ఎక్కువగా చెప్పాలనుకుంటున్నది టవర్ గురించి కాదు, గోడల గురించి. మనం ‘ఉత్త పార్టిషన్’ అని తీసిపారేసే గోడల గురించి.

1886 జూన్‌లో యమనాషి ప్రాంతంలో పుట్టారు నైతో. ఫుజి పర్వతం దగ్గర్లోని కొండల జిల్లా అది. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో సీటొచ్చినప్పుడు ఆయన మనసు ఓడల నిర్మాణం మీద ఉండేది. రష్యాతో యుద్ధం వల్ల జపాన్‌లో ఓడల పని జోరుగా సాగింది. 1905లో యుద్ధం ముగిసింది. ఆర్డర్లు తగ్గాయి, ఆ చదువుకు ముందున్నంత ఊపు లేకుండా పోయింది. ఆయన ఆలోచించుకుని ఆర్కిటెక్చర్‌లోకి మారారు. ఒక మాట గుర్తుపెట్టుకోండి, జపాన్‌లో భవనాల స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌ను ఆర్కిటెక్చర్ విభాగంలోనే చెబుతారు. మన దగ్గర సివిల్ వాళ్లు చేసే పని అక్కడ అది.

అక్కడ ఆయనకు దొరికిన గురువు తోషికాత సానో. భూకంప ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఈ పేరు కూడా రాసి పెట్టుకోవచ్చు. భూమి కంపించినప్పుడు భవనాన్ని పక్కకు తోసే బలం ఎంతో లెక్కకట్టడానికి సానో ఒక తేలికైన దారి చూపించారు. భవనం బరువులో ఇంత భాగం అడ్డంగా తోస్తుందనుకో, దానికి తగ్గట్టు డిజైన్ చెయ్యి అన్నది దాని సారాంశం. వెయ్యి టన్నుల భవనానికి 0.1 గుణకం తీసుకుంటే 100 టన్నుల బలం పక్క నుంచి తోస్తోందని అర్థం. 1916లో సానో దీన్ని ప్రచురించారు. మీరు ఐఎస్ 1893 కోడ్‌లో బేస్ షియర్ లెక్క చేసే ఉంటారు. దాని వంశవృక్షంలో ముత్తాత ఈ సూత్రమే.

1910లో చదువు పూర్తయ్యాక నైతో వసేదా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పడానికి చేరారు. అయితే గురువు సూత్రం సగం దూరమే తీసుకెళ్లింది. బలం ఎంతో తెలిసింది సరే, ఆ బలాన్ని భవనంలో ఎవరు మోయాలి? ఏ స్తంభం ఎంత పంచుకోవాలి? దానికి అప్పటికి సరైన సమాధానం లేదు.

అమెరికాలో ఏం చూశారు?

1917లో, 31 ఏళ్ల వయసులో, నైతో అమెరికా వెళ్లారు. అక్కడ స్కైస్క్రేపర్లు ఒకదాన్ని మించి ఒకటి లేస్తున్న కాలమది. ఉక్కు దూలాలు, ఉక్కు స్తంభాలతో అస్థిపంజరం నిలబెట్టి, మధ్యలో తేలికపాటి బోలు ఇటుకలతో గోడలు మూసేసేవారు. గాలికి లెక్క కట్టేవారు. భూకంపం న్యూయార్క్, షికాగో ఇంజినీర్లకు పెద్దగా పట్టని విషయం. గోడలంటే వాళ్ల దృష్టిలో బరువు, అంతే.

ఈ ప్రయాణంలో జరిగిన ఒక చిన్న సంగతిని నైతో తర్వాత చెప్పుకునేవారు. జపాన్ నుంచి బయల్దేరినప్పుడు ఆయన ట్రంకుపెట్టెలో అడ్డు అరలు ఉన్నాయి. దారిలో ఎన్ని కుదుపులు తగిలినా పెట్టె చెక్కుచెదరలేదు. అమెరికాలో తిరుగుతుంటే పుస్తకాలు, కాగితాలు పెరిగాయి. చోటు చాలక అరలు పీకేసి అన్నీ కుక్కేశారు. ఆ తర్వాతి ప్రయాణంలో పెట్టె నలిగి పాడైపోయింది. పెట్టె అదే, మోసినవాళ్ల మోటుతనమూ అదే. లేనివి లోపలి అరలు మాత్రమే.

పెట్టె పగిలిందని ఎవరైనా తిట్టుకుంటారు. ఓడల నిర్మాణం మీద మోజుతో చదువు మొదలుపెట్టిన మనిషికి మాత్రం అది వేరేగా కనిపించి ఉంటుందని నాకనిపిస్తుంది. ఓడ పొట్టలో అడ్డంగా గోడలుంటాయి. నీళ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోకుండా ఆపడమే కాదు, ఓడ మెలితిరిగిపోకుండా పట్టి ఉంచడానికి కూడా అవి పనికొస్తాయి.

నమ్మకం లేకపోతే ఇప్పుడే వంటింట్లోంచి ఒక అగ్గిపెట్టె తెచ్చుకోండి. లోపలి అర బయటకు లాగి, ఖాళీ తొడుగును వేలితో పక్కకు నెట్టండి. వెంటనే వాలి చప్పిడైపోతుంది. అర లోపల పెట్టి మళ్లీ నెట్టండి. కదలదు. స్తంభాలు, దూలాలు మాత్రమే ఉన్న ఫ్రేమ్ ఖాళీ తొడుగు లాంటిది. పక్కకు తోస్తే దీర్ఘచతురస్రం కాస్తా వాలిన చతుర్భుజం అవుతుంది. ఆ వంపు భారమంతా స్తంభం, దూలం కలిసే జాయింట్ల మీద పడుతుంది. అదే ఫ్రేమ్ మధ్యలో గట్టి కాంక్రీట్ గోడ పోసి నాలుగు వైపులా ఫ్రేమ్‌తో కలిపి కడితే, ఆ గోడ తన తలంలోనే బలాన్ని తీసుకుని నేరుగా పునాదికి దించేస్తుంది. స్తంభాలకు ఊపిరాడుతుంది.

నైతో చేసిన అసలు పని ‘గోడ పెట్టండి’ అనడం కాదు. అది మేస్త్రీ కూడా చెబుతాడు. ఏ గోడకు ఎంత బలం వెళుతుందో కాగితం మీద పంచి చూపించారు. స్లాబ్ ఒక గట్టి పళ్లెంలా అన్ని స్తంభాలనూ గోడలనూ ఒకేలా కదిలిస్తుంది కాబట్టి, ఎక్కువ బిగువున్నది ఎక్కువ బలం తీసుకుంటుంది. బిగువు నిష్పత్తిలో పంపకం. అక్కడి నుంచి నియమాలు వాటంతట అవే వచ్చాయి. గోడలు పునాది నుంచి పైదాకా తెగకుండా రావాలి. భవనం ప్లాన్‌లో రెండు వైపులా సమానంగా పంచాలి. ఒక మూలే గోడలుండి ఇంకో మూల ఖాళీగా ఉంటే భవనం ఊగడంతో ఆగదు, మెలితిరుగుతుంది.

ఇదంతా కంప్యూటర్ లేని కాలం. సానో బహుమతిగా ఇచ్చిన చిన్న స్లైడ్ రూల్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. అరచేతిలో పట్టేంత సైజు. జీవితాంతం దాంతోనే లెక్కలు కట్టారు.

1923 సెప్టెంబర్ 1, శనివారం

సిద్ధాంతం రాయడం ఒకెత్తు, వేరేవాళ్ల డబ్బుతో దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు. టోక్యోలో ఇండస్ట్రియల్ బ్యాంక్ ఆఫ్ జపాన్ భవనానికి ఆర్కిటెక్ట్ సెత్సు వతనబే అయితే, స్ట్రక్చర్ నైతోది. ఉక్కు అస్థిపంజరాన్ని కాంక్రీట్‌తో కప్పి, లోపల ఎంచుకున్న చోట్ల రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ గోడలు పోయించారు. అదే సమయంలో నగరం నడిబొడ్డున అమెరికా సంస్థ ఫుల్లర్ కంపెనీ మరునొఉచి బిల్డింగ్‌ను అమెరికా పద్ధతిలో, అమెరికా వేగంతో కట్టేసింది. చూసేవాళ్లకు అదే భవిష్యత్తు. 1922 ఏప్రిల్‌లో ఒక మోస్తరు భూకంపానికే, కట్టుబడిలో ఉండగానే అది దెబ్బతింది. కొంత బలపరిచి పూర్తి చేశారు.

బ్యాంకు భవనం పూర్తయి కొద్ది నెలలే అయింది. సెప్టెంబర్ 1న, మధ్యాహ్నం 12కి రెండు నిమిషాల ముందు, భూమి కదిలింది. తీవ్రత 7.9. ఇళ్లల్లో వంట పొయ్యిలు మండుతున్న సమయం. కొయ్య ఇళ్ల నగరం. కూలినవి కూలగా మిగిలినవి నిప్పంటుకున్నాయి. టోక్యో, యొకోహామా ప్రాంతాల్లో సుమారు లక్షా 5 వేల మంది చనిపోయారు. అందులో ఎక్కువమందిని చంపింది మంటలే. కాబట్టి ఏ ఇంజినీరూ ఆ రోజు గెలిచాడని నేను చెప్పను.

కానీ దుమ్ము తగ్గాక ఇంజినీర్లు వీధి వీధి తిరిగి చూశారు. మరునొఉచి బిల్డింగ్ మళ్లీ తీవ్రంగా దెబ్బతింది. దానికి దగ్గర్లోనే ఉన్న బ్యాంకు భవనానికి చెప్పుకోదగ్గ నష్టం లేదు. నైతో స్ట్రక్చర్ ఇచ్చిన కబుకిజా నాటకశాల అప్పటికి ఇంకా కట్టుబడిలో ఉంది. లోపలి సామగ్రి మంటల్లో పోయినా గోడలూ ఫ్రేమూ నిలిచాయి. తర్వాత దాన్నే పూర్తి చేసి 1925 జనవరిలో తెరిచారు.

ఇక్కడ ఒక చిన్న అన్యాయం ఉంది. ఆ రోజు నిలిచిన భవనం ఏది అని బయటి ప్రపంచాన్ని అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఇంపీరియల్ హోటల్. డిజైన్ చేసింది పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్. దాని ప్రారంభోత్సవం కూడా సరిగ్గా ఆ రోజే. హోటల్ నిలిచిన మాట నిజమే, దెబ్బతిన్న మాట కూడా నిజమే. రైట్‌కు పత్రికలు దొరికాయి. నైతో భవనాల సంగతి ఇంజినీర్ల పత్రికల్లో ఉండిపోయింది. లింక్డిన్ ప్రొఫైల్ గట్టిగా ఉన్నవాడికే కాల్ వస్తుందని మీరు విసుక్కుంటారే, ఆ బాధ కొత్తదేమీ కాదు.

జపాన్ ప్రభుత్వం మాత్రం చూసింది. 1924లో భవన నిబంధనలు మార్చి 0.1 భూకంప గుణకాన్ని తప్పనిసరి చేసింది. అదే ఏడాది నైతోకు డాక్టరేట్ వచ్చింది. 1927లో అమెరికా సీస్మలాజికల్ సొసైటీ పత్రికలో భూకంపాలను తట్టుకునే నిర్మాణం మీద ఆయన వ్యాసం వచ్చింది. పదేళ్ల కిందట నేర్చుకోవడానికి వెళ్లిన దేశానికి, తిరిగి నేర్పిన పాఠం.

అందరూ తలూపారనుకోకండి. నౌకాదళ ఇంజినీర్ కెంజబురో మషిమా గట్టిగా ఎదురు తిరిగారు. భవనాన్ని బిగించడం కాదు, ఒదిగేలా వదలాలి, అప్పుడు నేల ఊపుతో పాటు తాళం కలపకుండా తప్పించుకుంటుంది అన్నది ఆయన వాదన. బిగువు పక్షాన సానో, నైతో, కియోషి ముతో. ఈ తగవు 1930ల దాకా సాగింది. అప్పట్లో భవనాల ఎత్తు 31 మీటర్లు దాటకూడదు. ఆ ఎత్తుకు, ఆనాటి లెక్కలకు బిగువు పక్షమే సరైనదని నా అభిప్రాయం కూడా. అయితే ఎత్తు పరిమితి పోయాక, 1968లో 36 అంతస్తుల కసుమిగసెకి బిల్డింగ్‌ను ఒదిగే పద్ధతిలో డిజైన్ చేసింది ఎవరనుకున్నారు? బిగువు పక్షం తరఫున వాదించిన అదే ముతో.

పాత భవనాలకు కొత్త గోడలు

ఉద్యోగం వెతుక్కునే మీకు ఈ భాగం ముఖ్యం. నైతో కొత్త భవనాలకు గోడలు పెట్టారు. ఆ ఆలోచనే తర్వాతి తరాల చేతిలో పాత భవనాలను బతికించే మందయింది. 1968లో తొకాచి తీరంలో వచ్చిన భూకంపంలో కాంక్రీట్ స్కూలు భవనాల స్తంభాలు విరిగిపోయాయి. కిటికీ కింద సగం ఎత్తు దాకా గోడ ఉంటే, మిగిలిన కురచ స్తంభమే మొత్తం దెబ్బ తింటుందని అప్పుడు బాగా అర్థమైంది. సగం గోడ అసలు గోడ లేకపోవడం కన్నా ప్రమాదమన్నమాట. 1977లో పాత కాంక్రీట్ భవనాలను పరీక్షించే ప్రమాణం వచ్చింది, 1981లో కొత్త డిజైన్ నిబంధనలు. 1995 జనవరి 17న కోబేలో 6,400 మందికి పైగా చనిపోయిన భూకంపంలో, 1981కి ముందు కట్టినవే ఎక్కువ కూలాయి. ఆ ఏడాదే పాత భవనాల బలోపేతాన్ని ప్రోత్సహించే చట్టం చేశారు. ఊరూరా స్కూళ్లలో ఖాళీ ఫ్రేమ్‌ల మధ్య కాంక్రీట్ గోడలు పోశారు, లేదా ఉక్కు బ్రేసింగ్ బిగించారు.

పని వినడానికి తేలిక. ఫ్రేమ్ లోపలి అంచుల కాంక్రీట్‌ను గరుకు చేస్తారు. స్తంభానికీ దూలానికీ వరసగా రంధ్రాలు వేసి, దుమ్ము ఊది, జిగురు మందుతో ఇనుప కడ్డీలు దిగ్గొడతారు. రెండు వరసల కమ్మీల వల కట్టి, సెంట్రింగ్ బిగించి కాంక్రీట్ పోస్తారు. తిరకాసు పైఅంచు దగ్గరుంది. కాంక్రీట్ ఆరుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. పై దూలానికీ గోడకూ మధ్య వెంట్రుకంత సందు మిగిలినా భూకంపం వచ్చినప్పుడు గోడ వెంటనే పనిలోకి దిగదు. అందుకే పైన కొంత ఖాళీ వదిలి, కుంచించుకోని గ్రౌట్‌ను ఒత్తిడితో ఎక్కిస్తారు. రంధ్రంలో దుమ్ము ఊదకపోతే కడ్డీ పట్టదు. ఇంత పెద్ద లెక్క ఒక బ్లోయర్ మీద ఆధారపడి ఉంటుంది. సైట్ ఇంజినీర్ ఉద్యోగాన్ని తక్కువ చూసేవాళ్లు ఈ ఒక్క పని పక్కన నిలబడి చూడాలి.

గోడ పెట్టగానే కథ అయిపోదు. బిగువు పెరిగితే ఆ చోటికి బలం ఎక్కువ వస్తుంది. గోడకు రెండు పక్కలున్న స్తంభాల్లో ఒకటి పునాదిని నొక్కుతుంది, ఇంకోటి పైకి లాగుతుంది. పాత పునాది అందుకు సిద్ధంగా ఉందా అని చూడకపోతే మందే రోగమవుతుంది. నైతో చెప్పిన సమానమైన పంపకం, పునాది దాకా కొనసాగింపు ఇక్కడా వదలవు.

నా తప్పొకటి చెప్పాలి. ఫైనలియర్ ప్రాజెక్టులో అపార్ట్‌మెంట్ మోడల్ చేసినప్పుడు ఇటుక గోడలన్నిటినీ బరువుగా మాత్రమే ఎక్కించాను. పై అంతస్తుల్లో ఫ్రేమ్ నిండా గోడలు, కింద పార్కింగ్‌కు ఒట్టి స్తంభాలు. సాఫ్ట్‌వేర్‌లో అన్ని అంతస్తులూ ఒకేలా ఊగాయి. వైవాలో ఎవరూ అడగలేదు, మార్కులు కూడా బాగానే వచ్చాయి. నిజంలో ఏమవుతుందో 2001 జనవరి 26న భుజ్ భూకంపం చూపించింది. కేంద్రానికి ఎంతో దూరాన ఉన్న అహ్మదాబాద్‌లోనూ కింద పార్కింగ్ వదిలిన అపార్ట్‌మెంట్లు కూలాయి. పైన గోడలతో బిగిసిన భాగం ఒకే ముద్దలా కదిలితే, వంపంతా కింది స్తంభాల మీద పడింది. 2002లో ఐఎస్ 1893ను సవరించినప్పుడు అలాంటి కింది అంతస్తు స్తంభాలను, దూలాలను 2.5 రెట్ల బలానికి డిజైన్ చేయాలనే నియమం వచ్చింది. మీరుండే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్లి ఒకసారి చుట్టూ చూడండి. 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది, 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. మన నేల పూర్తిగా నిద్రపోవడం లేదు.

ఈ దారిలో వెళ్లాలనుకుంటే ఐఎస్ 15988 తెరవండి. ఉన్న కాంక్రీట్ భవనాలను పరీక్షించి బలపరచడానికి 2013లో వచ్చిన ప్రమాణమది. ఐఐటీ కాన్పూర్ తరఫున సి.వి.ఆర్. మూర్తి రాసిన ఎర్త్‌క్వేక్ టిప్స్ ఒక్కోటి రెండేసి పేజీలే, ఉచితంగా దొరుకుతాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దీనికోసమే ఒక పరిశోధన కేంద్రం ఉంది. ఈటాబ్స్ కోర్సుకు ఫీజు కట్టే ముందు ఇవి చదవండి. ఎందుకంటే గోడను బరువుగా చూడాలా, బలంగా చూడాలా అన్నది సాఫ్ట్‌వేర్ మిమ్మల్ని అడగదు.

మళ్లీ నైతో దగ్గరికి వద్దాం. రేడియో వచ్చిన కొత్తల్లో, 1925 నుంచే ఆయన ప్రసార టవర్లు డిజైన్ చేస్తూ వచ్చారు. టీవీ వచ్చాక ఆ అనుభవానికి గిరాకీ పెరిగింది. 1954లో నగోయా, 1956లో ఒసాకాలోని త్సుతెన్‌కకు, 1957లో సప్పొరో. ఆయనకు టవర్ డాక్టర్ అని పేరు పడింది. టోక్యో టవర్ పని 1957 జూన్‌లో మొదలై 1958 డిసెంబర్‌లో తెరుచుకుంది. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. ఐఫిల్ కన్నా ఎత్తు, బరువు మాత్రం సుమారు 4 వేల టన్నులే. ఐఫిల్ ఇనుము 7,300 టన్నులు. జీవితమంతా భూకంపాలతో పోరాడిన మనిషికి ఇక్కడ అసలు శత్రువు గాలి. టవర్ బరువు తక్కువ కాబట్టి భూకంపం తోసే బలమూ తక్కువే, తుఫాను గాలే ఎక్కువ తోస్తుంది. పైభాగం ఉక్కులో కొంత, కొరియా యుద్ధం తర్వాత అమెరికా సైన్యం తుక్కు కింద వదిలేసిన ట్యాంకుల్ని కరిగించి తీసింది. 2011 మహా భూకంపంలో యాంటెన్నా కొన కొద్దిగా వంగింది. టవర్ నిలిచే ఉంది.

1970 ఆగస్టులో, 84 ఏళ్ల వయసులో నైతో కన్నుమూశారు. టోక్యో షింజుకులో 1926లో ఆయన తన కుటుంబం కోసం కట్టుకున్న ఇల్లు ఇప్పుడు వసేదా విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. మహా భూకంపం జరిగి అప్పటికి మూడేళ్లే. ఆ ఇంట్లో స్తంభాలు లేవు, దూలాలు బయటకు పొడుచుకురావు. మొత్తం కాంక్రీట్ గోడలే, ఒకదాన్నొకటి పట్టుకుని, ట్రంకుపెట్టెలో అరల్లాగా.